కొత్త ఇంకు పెన్నులో పగులు ఉందేమో సిరా పోయకముందే చూసుకోవడం ఎలా

కొత్త ఇంకు పెన్ను చేతికి రాగానే ఎవరికైనా మొదట కలిగే కోరిక, అందులో సిరా నింపి కాగితం మీద తమ సంతకం చూసుకోవాలనే. ఆ కోరికను ఒక్క రోజు ఆపుకోమనడమే నేను ఇక్కడ చెప్పదలచుకున్న అసలు మాట. సిరా ఒకసారి లోపలికి వెళ్లిందంటే దుకాణదారు ఆ పెన్నును వాడిన వస్తువుగానే చూస్తాడు. పైగా వెంట్రుకకన్నా సన్నని పగులు మీ చేతిలో పుట్టిందా, పెట్టెలోంచి వచ్చేనాటికే ఉందా అన్నది ఆ తరువాత తేల్చడం ఎవరి తరమూ కాదు. పెన్ను పొడిగా, శుభ్రంగా, కొత్తగా ఉన్న ఆ కొద్ది గంటలే పరీక్షకు అనువైన సమయం.

చెన్నైలోని అంబత్తూరు పారిశ్రామికవాడలో ఒక కర్మాగారంలో పోత భాగాలలో పగుళ్లు వెతకడమే ఉద్యోగంగా నాకు చాలా ఏళ్లు గడిచాయి. ఉద్యోగ విరమణ తరువాత ఆ అలవాటు పెన్నుల మీదికి మళ్లింది. మా అపార్ట్‌మెంటులో ఉన్న నాలుగైదు తెలుగు కుటుంబాలవారు, వారి ద్వారా తెలిసినవారు “ఇది పగులేనా, కాస్త చూసిపెట్టండి” అంటూ తెచ్చే పెన్నులలో ఎక్కువ భాగం పగిలినవి కావు. నిజంగా పగిలిన పెన్నులు తెచ్చినవారు మాత్రం పగులు మాటే ఎత్తకుండా, పాళీ తొందరగా ఎండిపోతోందనో, వేళ్లకు సిరా అంటుతోందనో వేరే ఫిర్యాదుతో వస్తారు. అందువల్ల పగులు కానిదాన్ని గుర్తుపట్టడం, పగులును గుర్తుపట్టడం అనే రెండు పనులనూ కలిపి నేర్చుకోవాలి.

ముందుగా పెన్ను దేనితో చేశారో తెలుసుకోండి

ఒకే గీత ఒక పెన్నులో భయపడవలసిన విషయం, మరొక పెన్నులో తయారీ గుర్తు మాత్రమే. మన రాజమండ్రి రత్నం పెన్నులు, ఇక్కడికి దగ్గరలోని తిరువళ్లూరులో తయారయ్యే రంగా పెన్నులు వంటివాటిని ఎబొనైట్ కడ్డీని లేతు మీద తిప్పి, చెక్కి, మరలు కోసి తయారు చేస్తారు. ఎబొనైట్ అంటే రబ్బరుకు గంధకం ఎక్కువ పాళ్లలో కలిపి, వేడితో గట్టిపరచిన పదార్థం. అచ్చులో పోసినది కాదు కనుక దాని మీద అచ్చు గీతలు ఉండే అవకాశం లేదు. గొట్టం చుట్టూ వలయాలుగా కనిపించే సన్నని గీతలు లేతు పనిముట్టు వదిలిన జాడలు; అవి నిరపాయమైనవి. నిలువుగా, అంటే పెన్ను పొడవునా పరుగెత్తే గీత ఎబొనైట్‌లో కనిపిస్తే మాత్రం దాన్ని అనుమానించవలసిందే. అలలు అలలుగా రెండు రంగులు కలిసిన ఎబొనైట్‌లో రంగుల సరిహద్దులు కంటిని మోసగిస్తాయి కాబట్టి, అక్కడ చూపును నమ్మకుండా, కింద చెప్పబోయే నీటి పరీక్షను నమ్ముకోవడం మేలు.

అచ్చులో పోసిన ప్లాస్టిక్ పెన్నుల సంగతి వేరు. ఏబీఎస్ ప్లాస్టిక్‌తో చేసిన లామీ సఫారీ వంటివి గట్టివే కాని లోపలికి చూపు పోదు. పాలీకార్బొనేట్, పాలీస్టైరీన్, ఆక్రిలిక్‌లతో చేసిన పారదర్శకమైన పెన్నులలో లోపలి సిరా ఆడటం చూడముచ్చటగా ఉంటుంది. ఆ పారదర్శకత వల్లనే పగులును ముందుగా పట్టుకునే వీలు ఉంటుంది, లేని పగులును ఊహించుకునే ప్రమాదమూ ఉంటుంది. ఇక పైలట్ మెట్రోపాలిటన్ వంటి ఇత్తడి పెన్నులలో ఒంటికి పగులు రావడం దాదాపు ఉండదు. వాటి మీద రంగుపూత చిట్లవచ్చు, అది అందానికే లోపం. కాని వాటిలోనూ పాళీని పట్టి ఉంచే సెక్షన్ భాగం ప్లాస్టిక్‌తో చేసినదే కనుక, చూపంతా అక్కడ నిలపాలి.

ఏది పగులు కాదు

దుకాణాలలో వరుసగా వెలిగే ఎల్‌ఈడీ గొట్టాల కింద ఏ నున్నని పెన్ను మీదనైనా తెల్లని తీగల్లాంటి గీతలు కనిపిస్తాయి. పెన్నును మెల్లగా వేళ్ల మధ్య దొర్లించి చూడండి. పెన్ను తిరుగుతున్నా గీత ఉన్నచోటనే నిలిచిపోతే అది దీపపు ప్రతిబింబం. పెన్నుతోపాటు గీత కూడా తిరిగితే అది పెన్నుకు చెందినదే. ఈ ఒక్క చిన్న పనితోనే చాలా అనుమానాలు తీరిపోతాయి.

పెన్నుతోపాటు తిరిగిన గీత మీద గోరు కొనను అడ్డంగా, ఒత్తకుండా లాగండి. గోరు తట్టుకుని, గీత ఉపరితలం మీదనే ఉన్నట్టు కనిపిస్తే అది గీరుడు. గోటికి ఏమీ తెలియకుండా, కంటికి మాత్రం గీత లోతుగా, గోడ మందంలోకి దిగినట్టు కనిపిస్తే ఇంకా పరిశీలించాలి. లోతును గమనించడానికి ఒక కన్ను మూసి, పెన్నును కొద్దిగా అటూ ఇటూ వంచాలి. ఉపరితలపు గీత సన్నని దారంలాగే ఉంటుంది. లోపలికి దిగిన గీత వంచినప్పుడల్లా వెడల్పు మారుతూ, దారం కాస్తా రిబ్బన్ అయినట్టు అగుపిస్తుంది. పగులుకు రెండు ముఖాలు ఉంటాయి కనుక అది గీత కాదు, ఒక పలుచని పొర. నా అనుభవంలో అన్నిటికన్నా నమ్మదగిన కంటి గుర్తు ఇదే.

అచ్చు రెండు సగాలు కలిసే చోట ప్లాస్టిక్ మీద సన్నని గీత మిగులుతుంది. అది తిన్నగా, ఒక కొస నుంచి మరో కొసదాకా సాగి, సరిగ్గా ఎదురు వైపున దానికి జోడీ ఉంటుంది. పగులుకు అటువంటి క్రమశిక్షణ ఉండదు. అది ఏదో ఒక అంచున, రంధ్రం దగ్గర, లేదా మర మొదట్లో పుట్టి, వంకరగా సాగి, ఎక్కడో సన్నబడి మాయమవుతుంది. కరిగిన ప్లాస్టిక్ అచ్చులోకి ప్రవేశించిన చోట ఒక చిన్న గుండ్రని మచ్చ కూడా ఉంటుంది, అదీ లోపం కాదు. అయితే ఆ మచ్చ నుంచి చుట్టూ కిరణాల్లాగా గీతలు బయలుదేరితే వాటిని తేలికగా తీసుకోకూడదు.

అన్నిటిలోకీ ఎక్కువ గందరగోళం కలిగించేది అతుకు గీత. కరిగిన ప్లాస్టిక్ ఏదైనా అడ్డు చుట్టూ, ఉదాహరణకు క్లిప్పు దూర్చే రంధ్రం చుట్టూ, రెండు పాయలుగా ప్రవహించి అవతల మళ్లీ కలుసుకుంటుంది. అప్పటికే కాస్త చల్లబడిన ఆ పాయలు పూర్తిగా ఒకటి కాకపోవడం వల్ల కలిసిన చోట వెంట్రుకలాంటి గీత మిగులుతుంది. కిందటి ఏడాది మా మనవరాలు తన పుట్టినరోజు పెన్ను మూతలో సరిగ్గా ఇటువంటి గీతే చూసి, “తాతయ్యా, పగిలిపోయింది” అని కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆమెను వెంటబెట్టుకుని ఆ పెన్ను కొన్న దుకాణానికే వెళ్లి, అదే రకం పెన్నులు మరి మూడు తీయించి చూపించాను. నాలుగింటిలోనూ అదే చోట, అదే పొడవున అదే గీత. పగులు ఒక్కో పెన్నులో ఒక్కోలా ఉంటుంది. తయారీ గీత అన్నిటిలోనూ ఒకేలా ఉంటుంది. కనుక అనుమానం వచ్చినప్పుడు అదే రకం రెండో పెన్నును పక్కన పెట్టి చూడటం అన్నిటికన్నా సులువైన తీర్పు. కాని అతుకు గీత బలహీనమైన చోటు అన్న మాట కూడా నిజం. రేపు పగులు రావలసి వస్తే అక్కడే ముందు వస్తుంది కాబట్టి, ఆ చోటును గుర్తుంచుకోవాలి.

పగులు ఎక్కడ పుడుతుంది

పెన్ను అంతటా సమానంగా వెతకనక్కరలేదు. బిగింపు ఎక్కడ ఉంటే పగులు అక్కడ పుడుతుంది. మొదటి చోటు మూత అంచు. మూతను మర తిప్పి బిగించినప్పుడు లోపలి గొట్టం మూత అంచును అన్ని వైపులకూ నెడుతుంది. పీపాకు చుట్టిన ఇనుప పట్టీలో ఎటువంటి లాగుడు ఉంటుందో, ఆ అంచులో అటువంటి లాగుడే పుడుతుంది. చుట్టూ లాగుడు ఉన్నప్పుడు పగులు దానికి అడ్డంగా, అంటే పెన్ను పొడవునా నిలువుగా చీలుతుంది. కొన్ని పెన్నుల మూత అంచున లోహపు పట్టీ వేయడం అందానికే అనుకుంటాం గాని, ఆ పట్టీ అంచు చీలకుండా కాపాడుతుంది. పట్టీ లేని పలుచని మూతను మరింత శ్రద్ధగా చూడాలి.

రెండో చోటు సెక్షన్ కొస, పాళీని, దాని కింద ఉండి సిరాను అందించే ఫీడ్‌ను గట్టిగా దూర్చి కూర్చోబెట్టిన నోరు. ఆ బిగింపు సెక్షన్ గోడను నిరంతరం బయటికి నెడుతూ ఉంటుంది. మూడో చోటు మరలు. మర లోయ అడుగున మూల ఎంత పదునుగా ఉంటే ఒత్తిడి అంత అక్కడ పోగవుతుంది కనుక, ఇక్కడి పగులు నిలువుగా కాక, మర వెంబడి వలయంగా చుట్టు తిరుగుతుంది. అందుకే అది మర గీతలలో కలిసిపోయి కంటికి చిక్కదు. కన్వర్టర్ (సిరాను పీల్చి నిలువ ఉంచే విడి గొట్టం) గుచ్చుకునే గొట్టపు ముక్కు, వెనుక మర తిప్పి సిరాను లోపలికి పీల్చుకునే పిస్టన్ పెన్నుల వెనుక కొస, క్లిప్పు రంధ్రపు మూలలు, సిరా ఎంత ఉందో చూపే కిటికీ అంచులు ఆ తరువాత వస్తాయి.

ప్లాస్టిక్ గొట్టం లోపల లోహపు మర తొడిగిన పెన్నులలో ఇంకొక కారణం కూడా తోడవుతుంది. ఆక్రిలిక్ వేడికి, చలికి ఇత్తడికన్నా మూడు నాలుగు రెట్లు ఎక్కువగా వ్యాకోచిస్తుంది, సంకోచిస్తుంది. కత్తిరి ఎండలో నిలిపిన కారులో ఉండి వచ్చిన పెన్నును ఏసీ గదిలో పెట్టినప్పుడు, బయటి ప్లాస్టిక్ ఎక్కువగా ముడుచుకుంటుంది, లోపలి ఇత్తడి అంత ముడుచుకోదు. బట్టతో గట్టిగా చుట్టినట్టు ప్లాస్టిక్ ఇత్తడిని పట్టేసి, తానే చీలుతుంది. చెన్నై మే నెలలో పార్సిలు వాహనంలో తిరిగి వచ్చిన పెన్నును పెట్టె విప్పిన వెంటనే కాకుండా, ఒక పూట గదిలో ఉంచి తరువాత పరీక్షించమని నేను చెప్పడానికి కారణం ఇదే. ఆ మార్పుకు ఏదైనా చిట్లవలసి ఉంటే ఆ పూటలోనే చిట్లుతుంది.

వెలుతురుతో చూసే పద్ధతి

పగులు కనబడటానికి కారణం దానిలోని గాలి పొర. ఆక్రిలిక్ నుంచి గాలిలోకి వెళ్లే కాంతి దాదాపు 42 డిగ్రీల కోణం దాటితే బయటికి పోలేక పూర్తిగా వెనక్కి మళ్లుతుంది. పాలీకార్బొనేట్‌లో ఆ కోణం 39 డిగ్రీలు. అందువల్ల పగులు ఒక వంపులో అద్దంలా తళుక్కుమని, కొద్దిగా తిప్పగానే లేనట్టే మాయమవుతుంది. ఎటు తిప్పినా ఒకేలా కనిపించే గీత గీరుడో, అచ్చు గుర్తో కావచ్చు. మెరిసి మాయమయ్యేది మాత్రం దాదాపు ఎప్పుడూ పగులే.

పరీక్షకు కావలసినవి ఎక్కువేమీ లేవు. నల్లని గుడ్డ, ఫోను టార్చి, నగల పనివారు కంటికి పెట్టుకునే పది రెట్ల భూతద్దం ఉంటే చాలు. ఆ భూతద్దం షావుకారుపేట వైపు నగల పనిముట్లు అమ్మే కొట్లలో చవకగానే దొరుకుతుంది. అది లేకపోతే ఫోను కెమెరాను దగ్గరగా పెట్టి ఫోటో తీసి, తెర మీద పెద్దది చేసి చూసుకోవచ్చు. పెన్నును విప్పదగినంత వరకు విప్పి, ప్రతి భాగాన్నీ నల్లని గుడ్డ మీద పెట్టి, ట్యూబులైటు ఆర్పి, టార్చిని పక్క నుంచి, దాదాపు ఉపరితలానికి ఆనించి వేయండి. పై నుంచి సూటిగా వేసిన వెలుతురు అన్నిటినీ చదును చేస్తుంది. వాలుగా వేసిన వెలుతురులో చిన్న మిట్ట కూడా నీడ వేస్తుంది. తరువాత పారదర్శకమైన భాగమైతే టార్చిని గొట్టం నోట్లోకి పెట్టి లోపలి నుంచి వెలిగించండి. గోడ మందం మొత్తం కాంతితో నిండిపోయి, పగులు ఉన్నచోట మాత్రం తెగిన తీగలాగా వెలుగుతుంది. ఒక్కో భాగాన్నీ ఒక పూర్తి చుట్టు తిప్పడానికి ఒక నిమిషమైనా తీసుకోండి. తొందరపడి తిప్పితే, మెరిసి మాయమయ్యే ఆ ఒక్క కోణమే తప్పిపోతుంది.

మూత విషయంలో ఇంకొక జాగ్రత్త ఉంది. మూత విడిగా ఉన్నప్పుడు అంచు మీద ఒత్తిడి ఉండదు కనుక పగులు మూసుకుపోయి కనిపించదు. మూతను మామూలుగా బిగించి చూస్తే అదే పగులు నోరు తెరుస్తుంది. అందుచేత మూత అంచును బిగించి ఒకసారి, విప్పి ఒకసారి చూడాలి. బిగించినప్పుడు కనిపించి, విప్పినప్పుడు మాయమయ్యే గీతను చూశాక ఇక వేరే పరీక్షే అక్కరలేదు.

కొన్ని పారదర్శక పెన్నులలో ఒక్క గీత కాక, మర దగ్గర వెండి పొడి చల్లినట్టు చిన్న చిన్న గీతల గుంపు ఉంటుంది. ఇది పగులుకు ముందు దశ. ప్లాస్టిక్ ఇంకా పూర్తిగా విడిపోకుండా, సన్నని పోగులతో ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటుంది. కొత్త పెన్నులో ఇది కనిపిస్తే ఉంచుకోకుండా తిరిగి ఇచ్చేయమంటాను.

సరదా కోసం అనుకోండి, ఉపయోగం కోసం అనుకోండి, పారదర్శక పెన్ను ఉన్నవారు మరొక పరీక్ష చేసి చూడవచ్చు. లాప్‌టాప్ తెర మీద తెల్లని పేజీ తెరిచి, పోలరైజ్డ్ చలువ కళ్లద్దాలను ఒక చేత్తో పట్టుకుని, వాటిలోంచి తెర నల్లగా కనిపించేదాకా కళ్లద్దాలను తిప్పండి. తెరకూ కళ్లద్దాలకూ మధ్య పెన్నును పట్టుకుంటే, ప్లాస్టిక్ లోపల బిగుసుకుపోయిన ఒత్తిళ్లు ఇంద్రధనుస్సు రంగుల చారలుగా కనిపిస్తాయి. ఒత్తిడిలో ఉన్న గాజులో ఈ గుణాన్ని 19వ శతాబ్ది ఆరంభంలోనే స్కాట్లండ్ శాస్త్రవేత్త డేవిడ్ బ్రూస్టర్ గమనించాడు. రంగులు కనిపించడమే లోపం కాదు, అచ్చు పోసిన ప్రతి ప్లాస్టిక్‌లోనూ కొన్ని ఉంటాయి. ఆక్రిలిక్‌లో అవి మసకగా, పాలీకార్బొనేట్‌లో స్పష్టంగా ఉంటాయి. కాని ఒకే చోట, ముఖ్యంగా మర మొదట్లో, చారలు బాగా దగ్గరదగ్గరగా ముసురుకుని ఉంటే భూతద్దంతో ఆ చోటును మళ్లీ చూడాలి.

కుండ కొనేటప్పుడు తట్టి శబ్దం విన్నట్టు పెన్నును తట్టి చూడవచ్చా అని కొందరు అడుగుతారు. కుండ ఖంగుమంటుంది కాబట్టి బీట వారిన కుండ గొంతు మారుతుంది. ప్లాస్టిక్‌కు గొంతే లేదు. ఆ పరీక్ష పెన్నులకు పనికిరాదు.

నీటితో చూసే పద్ధతి

మా కర్మాగారంలో పోత భాగాన్ని శుభ్రం చేసి, ఎర్రని ద్రవం పూసి, పది నిమిషాలు ఆగి, తుడిచి, తెల్లని పొడి చల్లేవాళ్లం. పగుళ్లలోకి దిగిన ఎరుపు ఆ తెలుపులోకి ఊరి వచ్చి, పగులు తన బొమ్మ తానే గీసుకునేది. అంతకు ముందు కాలంలో రైల్వే కర్మశాలలలో నూనె, సుద్దపొడితో ఇదే పని చేసేవారు. దీన్ని చదివి ఎవరూ పెన్నుకు కిరసనాయిలు పూయకండి. అది ప్లాస్టిక్‌ను అక్కడికక్కడే చిట్లించగలదు. మన పనికి నీళ్లు చాలు.

ఎబొనైట్ వంటి చూపు దూరని పెన్నుకు ఈ పద్ధతి ముఖ్యం. భాగాన్ని మామూలు చల్లని నీటిలో ఐదు నిమిషాలు ముంచి ఉంచి, తీసి, మెత్తని బట్టతో పూర్తిగా పొడిగా తుడవండి. వెంటనే వాలు వెలుతురులో పెట్టి రెండు మూడు నిమిషాలు కదలకుండా చూడండి. ఉపరితలం ఆరిపోయిన తరువాత కూడా ఒక సన్నని తడి గీత మళ్లీ మళ్లీ ఊరుతూ ఉంటే అది పగులులో చిక్కిన నీరు. సందేహం ఉంటే ఆ చోట పలుచని టిష్యూ కాగితాన్ని ఒత్తండి. కాగితం మీద గీత ఆకారంలోనే తడి పడుతుంది. మరల మధ్య పల్లాలలో నిలిచే నీటిని పగులుగా పొరబడకుండా ముందుగా మరలను పళ్లు తోముకునే మెత్తని పొడి బ్రష్షుతో ఆరబెట్టుకోవాలి.

సిరాను నేరుగా గొట్టంలో పోసుకునే పెన్నుకైతే రాత్రంతా నడిచే పరీక్ష పెట్టాలి. గ్లాసు నీటిలో ఒకే ఒక్క చుక్క గిన్నెలు తోమే సబ్బు ద్రవం కలపండి. ఉత్త నీటికి తలతన్యత ఎక్కువ కనుక అతి సన్నని పగులులోకి దిగడానికి మొరాయిస్తుంది; సిరా మాత్రం అంత మొరాయించదు. సబ్బు చుక్కతో నీరు సిరాకు దగ్గర అవుతుంది. గొట్టాన్ని ఆ నీటితో నింపి, మర మీద కొద్దిగా సిలికాన్ గ్రీజు రాసి సెక్షన్ బిగించి, మొత్తం పెన్నును టిష్యూ కాగితంతో చుట్టి, పాళీ పైకి ఉండేలా గ్లాసులో నిలబెట్టండి. తెల్లవారి కాగితాన్ని విప్పితే తడి మచ్చ ఎక్కడుందో అదే జవాబు. మచ్చ మర చుట్టూ వలయంగా ఉంటే గ్రీజు చాలలేదని అర్థం. గ్రీజు సరిచేసి మళ్లీ పరీక్షించాలి. మచ్చ గొట్టం మధ్యలోనో, సెక్షన్ పక్కనో, ఒక చిన్న చారలాగా ఉంటే అది పగులే. పరీక్ష అయ్యాక రెండు మూడుసార్లు మంచినీటితో కడిగి సబ్బును పూర్తిగా పోగొట్టాలి.

ఇటువంటి పెన్నులలో చేతి వేడికి లోపలి గాలి వ్యాకోచించి పాళీ మీదుగా ఒక బొట్టు సిరాను బయటికి తోయడం మామూలే. దాన్ని చూసి పెన్ను పగిలిందనుకోవద్దు. ఆ బొట్టు పాళీ వైపు నుంచి వస్తుంది. పగులులోంచి కారే సిరా పక్క నుంచి వస్తుంది.

మూత గాలి ఆపుతోందా

మూత నోటిని శుభ్రంగా కడిగి పెదవులకు ఆనించి మెల్లగా గాలి లోపలికి పీల్చండి. మూత పెదవికి అతుక్కుని కొన్ని క్షణాలు నిలిస్తే గాలి చొరబడటం లేదని అర్థం. వెంటనే ఊడిపోతే ఎక్కడో దారి ఉంది. కాని కొన్ని మూతలకు, పిల్లల గొంతులో పొరపాటున ఇరుక్కున్నా ఊపిరి ఆడేలా, కావాలనే రంధ్రం పెడతారు. ముందు ఆ రంధ్రం ఉందేమో చూసుకోవాలి. మూతలోపల మరో చిన్న మూత ఉండే పెన్నులలో, బయటి మూత చెక్కుచెదరకున్నా లోపలిది చిట్లి ఉండవచ్చు. రాత్రి మూత పెట్టిన పెన్ను తెల్లవారేసరికి మొదటి అక్షరానికి మొరాయిస్తోందంటే పాళీని తప్పుపట్టే ముందు లోపలి మూతను టార్చితో చూడండి.

పరీక్షలో చేయకూడనివి

పగులు ఉందో లేదో తెలుసుకునే పని పగులు పుట్టించే పని కాకూడదు. గొట్టాన్ని వేళ్లతో నొక్కడం, వంచడం, మూతను ఇంకొంచెం బిగించి చూడటం వద్దు. మర తనంతట తాను ఆగిన చోటే ఆపాలి. స్పిరిటు, గోళ్ల రంగు తుడిచే ద్రవం, చేతులకు రాసుకునే శానిటైజర్ పెన్ను దరిదాపులకు రానివ్వకండి. ఆల్కహాలు తగిలితే, అప్పటికే లోపల ఒత్తిడి ఉన్న ఆక్రిలిక్ మీద, పాలీస్టైరీన్ మీద వెండి గీతలు చూస్తుండగానే పుడతాయి. శానిటైజర్ రాసుకున్న చేయి పూర్తిగా ఆరేవరకు పెన్ను పట్టుకోవద్దని మా ఇంట్లో నేను చెప్పే మాటను అందరూ చాదస్తం అనుకుంటారు, అనుకోనివ్వండి. వేడినీరు కూడా వద్దు. ఎబొనైట్‌కు అది రంగునూ చెడగొడుతుంది. మరలకు వ్యాజెలీన్ రాయడం పాత అలవాటే గాని, రబ్బరు వలయాలు ఉన్న పెన్నులలో అది ఆ రబ్బరును ఉబ్బించి పాడుచేయగలదు. సిలికాన్ గ్రీజే వాడాలి.

పగులు కనబడితే

మొదట ఫోటోలు తీయండి. నల్లని గుడ్డ మీద, పక్క వెలుతురులో, ఒకటి దూరం నుంచి పెన్ను మొత్తం కనిపించేలా, ఒకటి దగ్గర నుంచి పగులు పక్కన స్కేలు పెట్టి తీయాలి. పగులు ఒక్క కోణంలోనే మెరుస్తుంది కనుక, ఫోటోకన్నా పెన్నును మెల్లగా తిప్పుతూ తీసిన పది సెకన్ల వీడియో ఎక్కువ నమ్మిస్తుంది. ఆన్‌లైన్‌లో తెప్పించిన పెన్ను అయితే పార్సిలు విప్పేటప్పుడే వీడియో తీసి ఉంచుకోవడం మంచిది. సూపర్ గ్లూ జోలికి మాత్రం పోకండి. దాని ఆవిరికి చుట్టూ ప్లాస్టిక్ తెల్లగా మసకబారుతుంది, ఆపైన ఏ దుకాణదారూ ఆ పెన్నును వెనక్కి తీసుకోడు.

ప్యారీస్ కార్నర్ వైపు, ఎన్.ఎస్.సి. బోస్ రోడ్డులో జెమ్ అండ్ కో వంటి పాత పెన్నుల కొట్లలో కొనేవారికి ఒక సౌకర్యం ఉంది. కొనే ముందే పెన్నును పగటి వెలుతురులో తిప్పి చూసుకోవచ్చు. “వాకిట్లోకి తీసుకెళ్లి ఒకసారి చూడవచ్చా అండీ” అని మర్యాదగా అడిగితే కాదనే పెన్నుల వ్యాపారిని నేను ఇంతవరకు చూడలేదు. ఆన్‌లైన్‌లో కొన్నవారు వాపసు గడువు తేదీని ముందే చూసుకుని, ఆ లోపలే పరీక్ష ముగించాలి. లోపమున్న కొత్త వస్తువును మార్చి ఇవ్వడానికి అమ్మకందారు నిరాకరిస్తే, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద ఫిర్యాదు చేసుకునే హక్కు మీకు ఉంది. దానికి ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి సలహా తీసుకోవచ్చు.

అన్ని పరీక్షల తరువాత కూడా పగులో కాదో తేలని గీత ఒకటి మిగిలిపోవచ్చు. గడువు ఉంటే మార్చుకోవడమే నయం. మార్చుకునే వీలు లేనప్పుడు దాన్ని కనిపెట్టుకుని ఉండాలి. గీత రెండు కొసల ఎదుటా సన్నని కాగితపు టేపు ముక్కలు అంటించి, ఫోటో తీసి, తేదీ రాసుకోండి. సీడీల మీద రాసే మార్కర్‌తో గుర్తు పెట్టవద్దు, దాని సిరాలో ఉండే ఆల్కహాలే ఆ గీతను పెంచవచ్చు. మొదట సులువుగా కడిగిపోయే లేత నీలి సిరా మాత్రమే వాడి, పెన్నును జేబులో కాక బల్ల మీద ఉంచి, వారం తరువాత అదే వెలుతురులో, అదే కోణంలో మళ్లీ ఫోటో తీయండి. పెరగని గీత అచ్చు గుర్తు. కాగితపు ముక్కను దాటి వెళ్లినది, లేదా మధ్యలో నీలిరంగు పులుముకున్నది పగులు. సన్నని సందులోకి ద్రవం మరింత బలంగా ఎగబాకుతుంది కనుక, అతి చిన్న పగులును కూడా సిరా వెతికి పట్టుకుంటుంది. నా బల్ల మీద ఉన్న ఒక పారదర్శక పెన్ను సెక్షన్ మీద అటువంటి గీత ఒకటి ఉంది. దాని ఫోటోలు ప్రతి నెలా ఒకటో తేదీన తీస్తున్నాను; ఇప్పటివరకు అది కాగితపు ముక్కలను దాటలేదు, నీలిరంగు పులుముకోలేదు. అయినా ఆ పెన్నును తెల్ల చొక్కా జేబులో మాత్రం ఇంకా పెట్టుకోలేదు.